తెడ్డులో లేని ముక్క

ఒళ్లో సంచి, సంచిలో పాత తువ్వాలు, తువ్వాల్లో తెడ్డు. నేను లైబ్రరీ మేడ మీద, చదువుకునే గది బయట, గోడవారగా వేసిన బల్ల మీద కూర్చున్నాను. గది తలుపుకి తాళం ఉంది. ఎవరూ రాలేదు, రావడానికి ఇంకా గంట ఉంది. మా ఊరి బస్సు అంతే, మధ్యాహ్నం వచ్చి నన్నిక్కడ దించి, స్టాండులో కాసేపు కునుకు తీసి, వచ్చిన దారినే వెళ్లిపోతుంది. మళ్లీ పొద్దు వాలకముందు ఇంకొకటి. ఈ గంటలో ఎప్పుడో అది నిద్రలేచి హారన్ కొడుతుంది, ఇక్కడిదాకా వినపడుతుంది, అప్పుడు నేను లేచి పరిగెత్తుతానో కూర్చునే ఉంటానో నాకే తెలియదు. నా కాళ్ల మీద నాకు నమ్మకం లేదు. నోటి మీద అసలే లేదు. బళ్లో నన్ను గోడబల్లి అనేవాళ్లు, ఎప్పుడూ గోడకి అతుక్కునే ఉంటానని. బల్లైనా అప్పుడప్పుడు పలుకుతుందే, నువ్వు అదీ లేదు అని మా తెలుగు టీచరమ్మ నవ్వేది. ఆవిడే ఒకరోజు, నేను నా డైరీలోంచి చింపి ఇచ్చిన పేజీ చదివి, పట్నంలో రాయడం నేర్చుకునేవాళ్లు ఆదివారాలు కలుస్తారట, వెళ్లు, అంది. వెళ్లు అనడమంత తేలికా వెళ్లడం. అయినా వెళ్లాను. పోయిన ఆదివారం బస్సు దారిలో ఆగిపోయి, నేను వచ్చేసరికి లోపల కుర్చీలు సర్దుతున్నారు. తలుపు దగ్గర నిలబడ్డాను, లోపలికి రమ్మంటే వచ్చి గోడకి ఆనుకున్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది.

వాళ్లు ఓ ఆరేడుగురు. నడుమ ఉన్న పెద్దాయన్ని ప్రూఫుల మాస్టారు అంటారు. అచ్చుకి వెళ్లే కాగితాల్లో తప్పులు దిద్దుతూ ముసలివాడైన మనిషి, ఎదుటివాళ్ల ముఖాన్ని కూడా వాక్యంలాగే ఎడమ నుంచి కుడికి చూస్తారు. నన్నూ అలాగే చూశారు. ఏ తప్పు కనపడిందో ఏమో, చిన్నగా నవ్వి, "కొత్తమ్మాయివా? అయితే మా పద్ధతి విను. ఇక్కడ అందరికంటే చివర చేరినవాళ్లే తర్వాతి దారి చూపించాలి. పాతవాళ్ల కళ్లు ఇల్లు మరిగిన పిల్లులు, ఏ మూల ఏముందో చూడనే చూడవు. వచ్చే ఆదివారం వస్తువూ శిల్పమూ రెండూ నువ్వే ఎంచుకుని రా. మూడు నెలలు అందరం దాని మీదే కూర్చుంటాం" అన్నారు. తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఎవరికైనా ఈ వంతు ఒక్కసారే వస్తుందమ్మా. కొత్తవాళ్లం రెండోసారి కాలేం కదా. నువ్వు నోరు తెరవకపోతే వంతు పక్కవాళ్లకి పోతుంది, ఇక నీకు రాదు" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా భయం వేసింది. వెళ్లబోతుంటే ఎవరో కాగితం చూపిస్తే దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని అన్నారు, ఉన్న తప్పు ఎవడైనా చూస్తాడయ్యా, లేని అక్షరాన్ని చూడటమే కష్టం. ఆ మాట నాతో బస్సెక్కింది, నా పక్కనే కూర్చుని మా ఊరు వచ్చింది.

కానీ ఇంటికి వచ్చాక దాన్ని తలుచుకునే తీరిక ఎక్కడ. వస్తువు కావాలి. డ్రాయింగు పీరియడులో బల్ల మీద కూజా పెట్టి అందరినీ గీయమన్నట్టు, వీళ్లూ ఒక వస్తువుని నడుమ పెట్టుకుని రాస్తారు కాబోలు అనుకున్నాను. అమ్మతో చెప్పాను. అమ్మ చేతిలో పని ఆగిపోయింది. "వస్తువా? ఏం వస్తువు? బంగారమా?" అమ్మకి వస్తువంటే మెడలోనో చెవులకో ఉండేదే. "రాతలు నేర్పుతామని పిలిచి ఆడపిల్లల చేత వస్తువులు తెప్పిస్తున్నారా? వాళ్లు రాసేవాళ్లేనా, ఇంకేమన్నానా?" నాన్న సైకిల్ చక్రం విప్పుకుంటూ, "అందరూ దాని మీద కూర్చుంటారని చెప్తోందిగా, పీట పట్టుకెళ్లమను" అన్నాడు. "మూడు నెలలు కూర్చోవాలంటే పీటేం చాలుతుందిరా, మంచం కావాలి" అంది నానమ్మ పొయ్యి దగ్గర నుంచి. ముగ్గురూ నవ్వారు, నేనూ నవ్వాను, ఏడుపూ వచ్చింది. ఆ వారమంతా ఇంట్లో వస్తువులన్నిటి ముందూ నిలబడ్డాను. తాళం కప్ప, విసనకర్ర, నాన్న పంపు, అమ్మ కత్తెర, దేన్ని చూసినా నువ్వు వస్తావా, నాతో వస్తావా అని లోపల్లోపల అడిగాను. అప్పటిదాకా మా ఇంట్లో ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. అవన్నీ ఎప్పటినుంచో నోరు మూసుకుని నన్ను చూస్తున్నాయనీ తెలియదు, అచ్చం నేను బళ్లో అందరినీ చూసినట్టు. "వస్తువులకేం కొదవే, నువ్వే పెద్ద వస్తువ్వి. ఏ మూల నిలబెడితే ఆ మూల నిలబడతావు" అని నానమ్మ గిన్నెలోంచి తెడ్డు తీసి, కడిగి, చీర కొంగుతో తుడిచి ఇచ్చింది. "ఇదిగో, ఇది పట్టుకుపో. నువ్వడిగిన ఆ రెండోది, శిల్పం, అదీ ఇందులోనే ఉంది. మీ నాన్న పుట్టకముందు నుంచీ చెక్కుతున్నాను. పొద్దు వాలేసరికి మాత్రం నా తెడ్డు నా గిన్నెలో ఉండాలి. లేకపోతే నీ చెయ్యి పెట్టి కలుపుతా."

మెట్ల మీద అడుగులు. రెండు జతలు. మలుపులో నీళ్ల ఫిల్టరు ఉంది, దానికీ నాకూ మధ్య పాత పేపర్లు పెట్టే పెద్ద బీరువా అడ్డం, వాళ్లకి నేను కనపడను. గొంతులు గుర్తుపట్టాను, పోయినసారి కుర్చీలు సర్దుతూ ఒకరినొకరు ఏడిపించుకున్నవాళ్లే. ఒకావిడ ఆస్పత్రిలో నర్సు, అందరూ నర్సక్క అంటారు. రెండో అతను ఫోన్లు బాగుచేస్తాడు, జేబులోంచి ఎప్పుడూ ఓ పిడి బయటికి కనపడుతుంటుంది కాబట్టి అతని పేరు స్క్రూడ్రైవర్. గ్లాసులో నీళ్లు పడే చప్పుడు. "ఆ కొత్తపిల్ల వస్తుందంటావా?" అంది నర్సక్క. "వచ్చినా ఏం తెస్తుంది చెప్పు. వస్తువు ఎంచమంటే కొత్తవాళ్లంతా తెచ్చేది ఆ మూడేగా. ప్రేమ, పేదరికం, అమ్మ." "నువ్వేం తెచ్చావో మర్చిపోయావా? ఒంటరితనం! మూడు నెలలు మా అందరిచేతా ఒంటరితనం రాయించావు. నా చుట్టూ పొద్దస్తమానం వార్డునిండా మూలుగుతుంటారు, నాకెక్కడ దొరుకుతుందయ్యా ఒంటరితనం?" "మరి నువ్వో? వస్తువు నిద్ర, శిల్పం సంభాషణ! నిద్రపోయేవాళ్లు ఎలా మాట్లాడుకుంటారమ్మా అని మాస్టారే తల పట్టుకున్నారు." "మాట్లాడతారు. ఓ పూట మా వార్డుకి రా, వినిపిస్తా." నవ్వులు. నేను నవ్వలేదు.

వస్తువంటే వస్తువు కాదు. వస్తువంటే కథలో చెప్పుకునే సంగతి. శిల్పం అంటే బొమ్మ కాదు, ఆ సంగతిని చెప్పే పనితనం. అంతే, అంత చిన్న విషయం, లోకంలో రాసేవాళ్లందరికీ తెలిసిన విషయం, నాకు తప్ప. చెవులు కాలిపోతున్నాయి. నేను తెడ్డు తెచ్చాను. నిద్రలూ ఒంటరితనాలూ తెచ్చిన చోటికి నేను తువ్వాల్లో చుట్టుకుని వంటింటి తెడ్డు తెచ్చాను, ఇది నడుమ బల్ల మీద పెడితే ఏమంటారు, వంట పోటీ కింద అంతస్తులో అనుకుందేమో పాపం అంటారు. సంచిని ఒళ్లోంచి తీసి బల్ల కిందికి తోశాను. కాలితో ఇంకాస్త లోపలికి తోశాను. వెంటనే నానమ్మ చెయ్యిని కాలితో తోసినట్టనిపించి, వంగి మళ్లీ తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. సరే, పోనీ, సంచి విప్పకపోతే సరి, గంటలో ఇంకా సగం ఉంది, ఒక సంగతి ఎంచుకుంటే చాలు. ఎంచుకో. ఎంచుకోవడానికి ఏముంది అని చూడబోయాను, చూడగానే తల తిరిగింది, లోతు తెలియని బావిలోకి వంగినట్టు. ఏదైనా ఎంచుకోవచ్చు! నిద్ర కూడా సంగతే అయితే ఇక కానిదేముంది. భయం, ఆకలి, తుమ్ము, అన్నదమ్ముల పంపకం, జ్వరం తగ్గిన మర్నాటి పొద్దు, చెప్పులు తారుమారవడం, ఎవరో మన పేరు పిలిచారనుకుని వెనక్కి తిరిగితే ఎవరూ లేకపోవడం, బస్సులో పక్కన కూర్చున్నావిడ భుజం మన భుజానికి తగిలి ఆ వెచ్చదనం ఆవిడ దిగిపోయాక కూడా కాసేపు ఉండటం. మళ్లీ వాటిని చెప్పే తీరులు ఎన్నని, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఇద్దరూ అబద్ధమే మాట్లాడుతుంటే నిజం చదివేవాళ్లకి ఎలా తెలియాలి, ఎంత చెప్పాలి, ఎంత మింగాలి. ఇదంతా ఎప్పటినుంచో ఇక్కడే ఉంది, నా చుట్టూ, గాలిలాగా, నేను మాత్రం రాయడం అంటే డైరీలో ఇవాళ వాన పడింది అని రాసుకోవడమే అనుకున్నాను. ఇంత పెద్ద లోకాన్ని ఎంచుకోమని నాకు ఇచ్చారా? పీట మీద కూర్చోబెట్టి ఆకాశం ఒళ్లో పెట్టినట్టుంది. బరువుకి కాదు, చేతులు చాలక ఏడుపొస్తోంది.

స్క్రూడ్రైవర్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు, నర్సక్క కిందికి తాళంచెవి కోసం వెళ్లినట్టుంది. నా చెయ్యి నాకు చెప్పకుండానే సంచిలోకి పోయింది. తువ్వాలు మడతల్లో పిడి దొరికింది. ఈ పిడి నాకు నా చేతికంటే బాగా తెలుసు. చిన్నప్పుడు నానమ్మ చంకలో కూర్చుని దీన్ని పట్టుకోబోయేదాన్నట, ఆవిడ కుడిచేత్తో నన్ను మోస్తూ ఎడమచేత్తో కలిపేది. నానమ్మది ఎడమచేతి వాటం. కాపురానికి వచ్చిన కొత్తలో అందరూ దెప్పేవాళ్లట, ఎడమచేత్తో వండితే ఇంటికి ఏం కలిసొస్తుందని. ఎడమచేత్తో కలిపినా ఉప్పు సరిపోయిందా లేదా, ఆ ఒక్కటి చెప్పండి, అనేదట నానమ్మ. సరిపోయేది, కాబట్టి తినేవాళ్లు, తిని మళ్లీ దెప్పేవాళ్లు. వేలితో తడుముతూ తెడ్డు చివరికి వచ్చాను. ఒక మూల నిండుగా, గుండ్రంగా ఉంది. అక్కడి నుంచి వేలు జారింది, జారుతూ జారుతూ లోపలికి పోయింది. రెండో మూల లేదు. ఏటవాలుగా కోసేసినట్టు, కానీ కోసినది ఇంత నున్నగా ఉండదు, ఇది పసిపిల్ల మడమలా ఉంది. గిన్నె అడుగుని గీకీ గీకీ అరిగిపోయింది. అమ్మ దీంతో కలపబోతే గిన్నెలో సగం అంటుకుపోతుంది, నా చేతికి ఒదగదు ఈ మాయదారి తెడ్డు అంటుంది. ఇది నాకు ఎప్పుడూ తెలిసిందే. తెలిసిందే కానీ ఇప్పుడు, ఈ బల్ల మీద, చెవులు ఇంకా మండుతుండగా, వేలు ఆ లేని మూల దగ్గర ఆగిపోయి ఒక ప్రశ్న అడిగింది. ఆ ముక్క ఏమైంది?

ముక్క ఎక్కడికి పోతుంది. విరిగి కింద పడలేదు, ఎవరూ ఊడ్చి పారెయ్యలేదు. కంటికి కనపడనంత, గోటి మురికంత కూడా కాని పొడి, ప్రతిపూటా ఒకింత గిన్నెలోకి. గిన్నెలోంచి? నా చెయ్యి సంచిలో అలాగే ఉండిపోయింది. తిన్నాం. మేమే తిన్నాం. నాన్న తిన్నాడు, పుట్టినప్పటి నుంచీ. తాతయ్య తిని వెళ్లిపోయాడు. అత్తలిద్దరూ తిని అత్తవారిళ్లకి వెళ్లారు, కొంత అక్కడికి వెళ్లింది. దెప్పినవాళ్లు కూడా తిన్నారు. నేను తిన్నాను, ఈ వేలు, ఈ వేలిని ఈ లేని మూల మీద ఆనించిన ఎముక, ఇందులో ఎక్కడో ఆ చెక్క ఉంది. నానమ్మ చెక్కుతున్నానంది కదా, తెడ్డు గురించి అంటోందనుకున్నాను. తెడ్డు అరుగుతుంటే రెండో పక్క ఏదో తయారవుతూ ఉంది, ఆవిడ చెక్కింది దాన్ని. వారం రోజులు శిల్పం ఎక్కడ దొరుకుతుందా అని ఇల్లంతా వెతికాను, వెతుకుతున్న నేనే శిల్పం అని ఒక్కసారన్నా తట్టలేదు.

ఇక ఆగలేదు. కళ్లకి ఏదో జబ్బు చేసినట్టు ఎటు చూసినా అదే. నేను కూర్చున్న బల్ల అంచు, ఎందరి మోకాళ్ల వెనకో రాసుకుని, గాజులా మెరుస్తోంది. తలుపు పిడి ఇత్తడి, పట్టుకునేచోట మాత్రమే బంగారం, అమ్మ చూస్తే వస్తువంటే ఇదీ అంటుంది. ఇందాక ఎక్కివచ్చిన రాతి మెట్లు, నడుమ అన్నీ పళ్లెంలా గుంటలు పడ్డాయి, కింద పుస్తకం తిరిగి ఇచ్చి కొత్తది తీసుకుని ఎక్కిదిగినవాళ్ల పాదాల గుంటలు, ఆ రాయి పొడి అందరి చెప్పులకీ అంటుకుని వాళ్ల వాళ్ల గడపలు దాటి ఇళ్లలోకి వెళ్లిపోయింది, లైబ్రరీ ఊరంతా ఉంది, ఎవరికీ తెలియదు. మాటలు కూడా. నేను పుట్టినప్పుడు నానమ్మ నన్ను బంగారుతల్లీ అని పిలిచేదట. నాకు ఊహ తెలిసేసరికి అది తల్లీ. నేను బడికి వెళ్లే రోజులకి ల్లీ అని మాత్రమే వినపడేది. ఇప్పుడు వాకిట్లోంచి ఈ అని పిలుస్తుంది, ఎవరినో అనుకుంటారు వినేవాళ్లు, నాకు మాత్రం అందులో బంగారం మొత్తం వినపడుతుంది. ఏమిటి అనేది ఏంటి అయింది, ఏంటి అనేది నాన్న నోట్లో ఆఁ అయింది. ఎన్ని నోళ్లు తిప్పి తిప్పి అరగదీస్తే మాట ఇంత నున్నగా అవుతుంది. ఆ రాలిపోయిన అక్షరాలు ఏమయ్యాయి. బళ్లో నేను లేచి జవాబు చెబితే మా టీచరమ్మ అనేది, అక్షరాలు మింగెయ్యకే, కాస్త బయటికి రానీ. అవును టీచర్, మింగేశాను. మా ఇంట్లో అందరం చెక్కనీ అక్షరాన్నీ మింగి పెరిగినవాళ్లమే. లేని అక్షరాన్ని చూడటమే కష్టం అన్నారు ప్రూఫుల మాస్టారు. నాకు కనపడుతోంది. కష్టంగా కూడా లేదు. ఇంతకాలం గోడకి అతుక్కుని నేను చూస్తూ కూర్చున్నది ఇదేనేమో, నాకే తెలియకుండా ఎవరో దీన్ని ముందునుంచే నేర్పిస్తూ వచ్చారేమో.

హారన్. ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా, మా డ్రైవర్ అలాగే కొడతాడు, ఎక్కేవాళ్లుంటే ఎక్కండి, లేకపోతే మీ ఇష్టం అన్నట్టు. నా కాళ్లు లేచాయి. అవును, లేచాయి, నేను చెప్పలేదు. మెట్ల దాకా నడిచాయి. పై మెట్టు గుంటలో కుడికాలు సరిగ్గా సరిపోయింది, ఎవరో నాకోసమే కొలత తీసి తవ్వినట్టు, నాకంటే ముందు వచ్చి భయపడి ఇక్కడే ఆగినవాళ్లెవరో ఇక్కడే కాలు పెట్టి ఉంటారు, దిగారో, వెనక్కి తిరిగారో. రెండు పక్కలకి వెళ్లిన పాదాలూ ఈ గుంటలోనే ఉన్నాయి. కింది నుంచి నర్సక్క తాళంచెవి ఊపుకుంటూ ఎక్కి వస్తోంది. "అయ్యో, కొత్తమ్మాయీ! ఎప్పుడొచ్చావు? వెళ్లిపోతున్నావా ఏం?" బస్సు ఇంజన్ చప్పుడు కిటికీ అద్దాల్లో గరగరమని వణికి, సన్నబడి, మలుపు దగ్గర అరిగిపోయి, లేకుండా పోయింది. "లేదక్కా" అన్నాను. రెండు ముక్కలు. అయినా ముక్కలే.

గది నిండింది. కుర్చీలు గుండ్రంగా వేసుకున్నారు, గోడ నాకు చాలా దూరంగా ఉంది. ప్రూఫుల మాస్టారు ముఖాలన్నీ వరసగా చదువుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు. "చెప్పమ్మా. వస్తువేంటి?" చెప్పలేకపోయాను. అందరూ చూస్తున్నారు. మాస్టారు చూపు మెల్లగా పక్క కుర్చీ వైపు జరగబోయింది, వంతు పోతోంది, నా కళ్ల ముందే పోతోంది. సంచిలోంచి తువ్వాలు తీసి, విప్పి, తెడ్డుని బల్ల నడుమ పెట్టేశాను. కర్ర చప్పుడు. తర్వాత స్క్రూడ్రైవర్, "వంట నేర్పిస్తావా చెల్లాయ్? మా ఆవిడ సంతోషిస్తుంది" అన్నాడు. కొందరు నవ్వారు. "వస్తువంటే..." అన్నాను. ఆగాను. మింగకూడదు. "వస్తువంటే వస్తువే అనుకుని తెచ్చానండీ. సంగతి అని నాకు తెలీదు. ఇందాకే తెలిసింది." ఈసారి అందరూ నవ్వారు, మాస్టారు తప్ప. ఆయన తెడ్డుని ఎడమ నుంచి కుడికి చదువుతున్నారు. చివరికి వచ్చి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివారు. "ఇక్కడ ఏదో పడిపోయింది" అన్నారు, అచ్చుతప్పు దొరికినప్పుడు ఇలాగే అంటారు కాబోలు.

తెడ్డు చేతులు మారింది. నేను ఒక్క మాట చెప్పలేదు. స్క్రూడ్రైవర్ దాన్ని ఫోన్లా తిప్పి తిప్పి చూసి, గాల్లో గిన్నె ఉన్నట్టు కలపబోయాడు, ఏదో తేడాగా అనిపించి ఆగాడు. "ఇది ఎదురు పక్క అరిగిందేంటి?" నర్సక్క లాక్కుంది. ఆవిడా కుడిచేత్తో పట్టుకుంది, ఒకసారి తిప్పింది, నుదురు ముడివేసింది. తర్వాత మెల్లగా, నిద్రపోయే మనిషిని పక్కకి ఒత్తిగిలించినట్టు, తెడ్డుని ఎడమచేతిలోకి మార్చుకుంది. గాల్లో కలిపింది. ఏటవాలు అంచు, అక్కడ లేని గిన్నె అడుగున, సరిగ్గా ఆనింది. నాకు కనపడింది, ఒట్టు, అందరికీ కనపడింది. "ఎడమచేతి వాటం" అంది నర్సక్క, గొంతు తగ్గించి. "ఎవరమ్మా ఈవిడ?" ఎవరో ఉన్నారని నేను చెప్పలేదు. ఎప్పుడూ బస్సెక్కని మా నానమ్మ, ఈ పట్నం ముఖం చూడని మా నానమ్మ, తెడ్డులో లేని ముక్కలోంచి నడుచుకుంటూ వచ్చి ఈ గది నడుమ నిలబడింది, కుడి చంకలో బహుశా నన్ను ఎత్తుకుని. ఎవరూ నవ్వడం లేదు. స్క్రూడ్రైవర్ తన జేబులో పిడిని బయటికి తీసి, బొటనవేలు ఆనేచోటు చూసుకుంటున్నాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"వస్తువు, అరిగిపోయినవి" అన్నాను. నా గొంతేనా అది. "శిల్పం, లేని ముక్క పేరు ఎత్తకూడదు. ఉన్న అంచుని మాత్రమే రాయాలి. చదివేవాళ్లకి ఆ ముక్క కనపడాలి." చెప్పేశాను. చెప్పాక, ఇది ఎలా చేస్తారో నాకేమీ తెలియదని గుర్తొచ్చింది. మూడు నెలలు చాలుతాయో చాలవో, మూడేళ్లు పడుతుందేమో, వీళ్లందరూ నాతోపాటు ఆ బావిలోకి వంగి చూస్తారు, ఎవరికీ అడుగు కనపడదు, అది తలుచుకుంటే భయం వేయలేదు. మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. తర్వాత, "నా పనంతా లేని అక్షరాన్ని పెట్టడమేనమ్మా. లేకుండానే చదివించమంటున్నావు నువ్వు" అని, తెడ్డు వైపు చెయ్యి చాచి, "దీన్ని ఈ మూడు నెలలూ ఇక్కడే, మా కళ్ల ముందు ఉంచుతావా?" అని అడిగారు.

"కుదరదండీ" అన్నాను. ఒక్క అక్షరం కూడా మింగకుండా అన్నాను. "పొద్దు వాలేసరికి ఇది గిన్నెలో ఉండాలి. సాయంత్రం వంటకి కావాలి." గది ఘొల్లుమంది, మాస్టారు అందరికంటే గట్టిగా. నర్సక్క తెడ్డుని ఎడమచేత్తోనే నాకు అందించింది, తువ్వాలు తను కప్పింది. అందుకున్నాను. ఏటవాలు అంచు నా అరచేతికి ఆనింది. ఈ రాత్రికి ఇంకొంచెం అరుగుతుంది, ఎవరి ముద్దలోకి వెళ్తుందో తెలియదు, నా దాంట్లోకే వస్తే బాగుండు.